విశ్రాంతి దినము: శనివారమా, ఆదివారమా?

ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము మన కృష్ణా మండలపు క్రైస్తవ కుటుంబములలో తరచుగా తర్కమునకు వచ్చునట్టిది. క్రైస్తవుడైనవాడు శనివారమును విశ్రాంతి దినముగా పాటింపవలెనా, ఆదివారమును పాటింపవలెనా, లేక ఏ దినమును ప్రత్యేకముగా పాటింపనక్కరలేదా అన్నదే ఆ విషయము. క్రైస్తవులు కాని పెద్దలు "ఈ గొడవ మాకేల?" యని యనుకొనవలదు. వినగా వినగా ఇది పొలమునకును, కూలికిని, కాడియెద్దునకును, బడిపిల్లలకును సంబంధించిన విషయమని మీకే తెలియగలదు.

నేను ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మాది మూడు తరములుగా క్రైస్తవ కుటుంబము. నేను చదివినదో, ప్రాచ్యకళాశాలలో వ్యాకరణాలంకారములు. నాకు కౌముది చెప్పిన గురువుగారు సనాతన సంప్రదాయమునందు పుట్టిన మహానుభావులు. పాడ్యమి నాడును, అష్టమి నాడును వారు ఒక్క సూత్రమైనను చెప్పెడివారు కారు. "నేడు అనధ్యయనము, పొమ్ము" అనెడివారు. ఆదివారము ఉదయమున నేను ప్రార్థన మందిరమునకు పోవలెనని వారెరుగుదురు గనుక ఆ వేళ నన్నెన్నడును పిలువలేదు. తమ నియమమును తాము పాటించుచు, నా నియమమును గౌరవించిరి. ఆయన వలన నేను నేర్చిన వ్యాకరణము కొంత మరచితిని గాని, ఈ మర్యాదను మాత్రము మరువరాకుండెను. అయినను ఒక పర్యాయము మరచితిని. ఆ సంగతి ముందుగా చెప్పి, తరువాత శాస్త్రమునకు వచ్చెదను.

డెల్టాలోని యొక గ్రామమున నేను పనిచేయుచున్న దినములలో, పదవ తరగతిలో ఒక బాలిక యుండెడిది. తెలుగులో ఆమెను మించినవారు లేరు. ఆమె తలిదండ్రులు కూలిపని చేసికొని బ్రదుకువారు, శనివారమును పాటించు క్రైస్తవులు. అర్ధసంవత్సర పరీక్షలలో తెలుగు పరీక్ష శనివారమున పడినది. బాలిక రాలేదు. పరీక్షల భారము నాది గనుక, పట్టికలో ఆమె పేరునకెదురుగా సున్న వ్రాసితిని. మరునాడు ఆదివారము. నేను ఆరాధన ముగించుకొని యింటికి వచ్చునప్పటికి ఆమె తండ్రి అరుగు మీద నిలుచుండి, "పంతులుగారూ, మా పిల్లచేత ఈ పూట పరీక్ష వ్రాయింపరాదా? మీ యెదుటనే కూర్చుండి వ్రాయును" అని వేడెను. "నేడు ఆదివారము. నేను బడిపని ముట్టను" అని నేనంటిని. అతడు మారుమాట పలుకక దండము పెట్టి వెడలిపోయెను. అప్పుడు నా మాటలో తప్పేమియు నాకు కనబడలేదు. తప్పెచ్చటనున్నదో కడపట చెప్పెదను.

ఇక విషయమునకు వత్తము. తెలుగు బైబిలులో "విశ్రాంతి దినము" అను మాటకు మూలము హెబ్రీ భాషలోని "షబ్బాత్" అను శబ్దము. దానికి ఆగుట, మానుట యని యర్థము. అరబ్బీలో శనివారమునకు "సబ్త్" అనియు, రష్యా భాషలో "సుబ్బోత" అనియు, స్పెయిను భాషలో "సాబదో" అనియు పేర్లున్నవి. ఇవన్నియు ఆ హెబ్రీ మాట నుండి పుట్టినవే. మన తెలుగులో మాత్రము వారముల పేర్లు గ్రహముల పేర్లు. మన "విశ్రాంతి" శబ్దమునందలి ధాతువు శ్రమార్థకమైనది. శ్రమపడినవానికే విశ్రాంతి. పనిలేనివాడు ఊరక కూర్చుండుట విశ్రాంతి కానేరదని ఆ మాటయే చెప్పుచున్నది.

శనివారమును పాటింపవలెననువారి వాదము బలము లేనిది కాదు. మోషేకు ఈయబడిన పది యాజ్ఞలలో విశ్రాంతి దినపు ఆజ్ఞ నాలుగవది. తక్కిన తొమ్మిదింటిని క్రైస్తవులందరును శిరసావహింతురు. దొంగతనము కూడదనిన ఆజ్ఞ నేటికిని చెల్లుచుండగా, దాని ప్రక్కనున్న యీ యాజ్ఞ యొక్కటే యెట్లు కొట్టుపడినదని వారడుగుదురు. యేసుక్రీస్తు విశ్రాంతి దినమున సమాజ మందిరమునకు పోవుట వాడుకగా గలవాడు. ఆయనను సమాధి చేసిన తరువాత ఆయనను వెంబడించిన స్త్రీలు సహితము ఆ దినమున ఆగిరని లూకా వ్రాసెను. ఏడవ దినము పోయి మొదటి దినము వచ్చినదని స్పష్టముగా చెప్పు వాక్యము క్రొత్త నిబంధనలో ఒక్కటియు లేదు. ఇది సత్యము. ఆదివారమును పాటించు మనవారు ఈ సత్యమును దాటవేయరాదు.

రెండవ పక్షమువారి వాదమునకును ఆధారమున్నది. అన్యజనులలో నుండి క్రైస్తవులైనవారి మీద మోషే ధర్మశాస్త్రమును మోపవలెనా యని యెరూషలేములో పెద్దలు కూడి విచారించినట్లు అపొస్తలుల కార్యముల పదునైదవ యధ్యాయమున నున్నది. వారు విధించిన నియమములు కొన్నియే. విగ్రహములకర్పించినవి, రక్తము, గొంతు పిసికి చంపినది, జారత్వము, వీనిని విడువుమనిరి. విశ్రాంతి దినము ఆ పట్టికలో లేదు. పౌలు కొలొస్సయులకు వ్రాయుచు, విశ్రాంతి దినముల విషయమున ఎవనిని తీర్పు తీర్చనీయవలదనెను. రోమీయులకు వ్రాయుచు, ఒకడు ఒక దినమును ఎక్కువగా నెంచును, మరియొకడు అన్ని దినములను సమముగా నెంచును, ఎవని మనస్సులో వాడు నిశ్చయపడవలెనను భావమును తెలిపెను. త్రోయలో శిష్యులు వారపు మొదటి దినమున రొట్టె విరుచుటకు కూడిరి. క్రీస్తు మృతులలో నుండి లేచినది ఆ దినముననే గదా. క్రీస్తు శకము రెండవ శతాబ్ది నడుమ జస్టిను అను క్రైస్తవ పండితుడు తమవారు ఆదివారమున కూడుకొను విధమును వివరించి వ్రాసెను.

ఈ రెండు పక్షములను తూచి చూడగా నాకు తోచునదేమనగా: తొలి క్రైస్తవులకు ఆదివారము కూడిక దినమేగాని, పని మాను దినము కాదు. వారిలో దాసులు పెక్కుమంది. పని మానుటకు వారికి స్వాతంత్ర్యమెక్కడిది? ఆదివారమును రాజశాసనముతో సెలవు దినముగా చేసినవాడు రోమక చక్రవర్తి కాన్‌స్టంటైను. అది క్రీస్తు శకము 321వ సంవత్సరము. న్యాయాధిపతులును, పట్టణవాసులును, కార్ఖానాలవారును ఆగవలెనని యతడు శాసించెను. కాని రైతులకు మాత్రము వెసులుబాటు కలిగించెను. విత్తుటకు తగిన దినము తప్పిపోయినచో మరల చిక్కదు గనుక పొలము పని చేసికొనవచ్చుననెను. అదను విలువ నెరిగిన మన డెల్టా రైతునకు ఈ మాట వింతగా నుండదు. కాని ఆ వెసులుబాటు రైతునకే గాక వాని దాసునకును అంటినది. పట్టణమున న్యాయాధిపతి విశ్రమించెను. పొలమున పాలేరు విశ్రమింపలేదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు.

తరువాత నాలుగవ శతాబ్దిలోనే లవొదికయ సభవారు క్రైస్తవులు శనివారమున పని మానరాదనియు, ఆదివారమును ఘనపరుపవలెననియు నియమించిరి. నిషేధము వచ్చినదనగా, నాటికి శనివారమును పాటించు క్రైస్తవులు ఇంకను ఉండిరనియే యర్థము. ఇథియోపియా దేశపు ప్రాచీన సంఘమువారు నేటికిని రెండు దినములను గౌరవింతురు. కావున శనివారమును పాటించుట నిన్న మొన్న పుట్టిన వింత యని యెవరును గేలిచేయరాదు.

ఇక మన దేశపు సంగతి. 1841వ సంవత్సరమున రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఆంగ్లేయ మిషనరీలు బందరులో దిగిరి. మరుసటి యేడు హేయరు అను లూథరను మిషనరీ గుంటూరు చేరెను. ఇట్టి మిషనులవారు తెచ్చిన యాచారములలో ఆదివారపు నియమము ముఖ్యమైనది. ఒంగోలు ప్రాంతమున 1866 నుండి పనిచేసిన జాన్ క్లౌ అను బాప్టిస్టు మిషనరీ తనవద్దకు వచ్చిన మాదిగ కులస్థులకు విధించిన మొదటి నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడింటిలో ఊరిపెద్దలకు మిక్కిలి కష్టము కలిగించినది మొదటిది. చర్మకారుడు పని మానినచో మోటబొక్కెన ఆగును, చెప్పు ఆగును, కళ్ళము ఆగును. తరతరములుగా పిలిచిన క్షణమున వచ్చినవాడు "నేడు రాను, రేపు వత్తును" అని పలుకుట అదియే ప్రథమము.

1876 మొదలు 1878 వరకు గొప్ప కాటకము వచ్చినప్పుడు ఆ క్లౌ దొరయే బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. ఆ కాలువయే పెదగంజాము వద్ద మన కృష్ణా కాలువలతో కలియుచున్నది. 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2222 మంది బాప్తిస్మము పొందిరి.

మా ముత్తవ్వ చెప్పిన మాట యొకటి మా యింట నిలిచియున్నది. మా ముత్తాత పాలేరు. కోడి కూయకముందు పశువులశాలకు పోయి, దీపాలవేళకు వచ్చెడివాడట. పండుగ నాడును ఆయనకు పండుగ లేదు. క్రైస్తవుడైన పిమ్మట ఆదివారము మాత్రము తెల్లని గుడ్డ కట్టుకొని, పగటివేళ తన బిడ్డల ముఖములు చూచెడివాడట. "మీ తాతకు దేవుడు ముందుగా ఇచ్చినది మోక్షము కాదురా, ఒక దినము" అని ఆమె మా తండ్రితో ననెడిది. ద్వితీయోపదేశ కాండమున ఈ యాజ్ఞకు చెప్పబడిన కారణము కూడ నిదియే. మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి. కావున మీ దాసుడును, దాసియు, ఎద్దును, గాడిదయు, మీ యింటనున్న పరదేశియు మీవలెనే విశ్రమింపవలెనను తాత్పర్యము అచ్చట నున్నది. ఆజ్ఞ యజమానునికి చెప్పబడినది. దాని ఫలము సేవకునకు ఉద్దేశింపబడినది.

మన ప్రాంతమున శనివారమును పాటించువారు రెండు తెగలు. మొదటివారు అడ్వెంటిస్టులు. ఆ సంఘము 1863లో అమెరికాలో ఏర్పడినది. నూజివీడులో 1925లో వెలసిన గిఫర్డు ఆసుపత్రి వారిదే. రెండవవారు గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములోని కొలది కుటుంబములవారు. వారు మొదట బాప్టిస్టు క్రైస్తవులు. తాము ప్రాచీన ఇశ్రాయేలులోని ఎఫ్రాయీము గోత్రమువారమని చెప్పుకొని, 1991 ప్రాంతమున సమాజ మందిరము నిర్మించుకొని యూదుల యాచారములను స్వీకరించిరి. బందరులోను వారివారు కొందరున్నారు. ఈ రెండు తెగలకును మతమున భేదము చాల గలదు. కాని దినము మాత్రము ఒక్కటియే; అది శుక్రవారము సూర్యాస్తమయమున మొదలై శనివారము సూర్యాస్తమయముతో ముగియును. మనకు దినము సూర్యోదయముతో మొదలగును. గడియారమువారికి అర్ధరాత్రితో మొదలగును. వారికి అస్తమయముతో మొదలగును. కూలిపని మీద బ్రదుకువారికి ఈ నియమ మెంత ప్రియమైనదో ఆలోచింపుడు. ఊరంతయు ఆదివారము కూలి మానినను, నాట్ల వేళ శనివారము మానినను, పోవునది వారి కూలియే. వారమునకు రెండు దినములు పస్తుండియైనను ఒక నియమమును నిలుపుకొనువానిని తేలికగా చూచుట తగదు.

అయితే దినమును గూర్చి మరీ పట్టుపట్టరాదనుటకు ఒక నిదర్శనము చెప్పెదను. భూమి గుండ్రముగా నున్నది గనుక ఎచ్చటనో యొకచోట తేదీ మారవలసియున్నది. ఆ రేఖ పసిఫికు మహాసముద్రమున నున్నది. 2011 డిసెంబరులో సమోవా దీవుల ప్రభుత్వము తమ దేశమును రేఖకు ఈ ప్రక్కకు మార్చుకొన్నది. గురువారము తరువాత శుక్రవారము రాక శనివారమే వచ్చినది. అంతట అచ్చటి అడ్వెంటిస్టులలో ఏది నిజమైన ఏడవ దినమని వివాదము పుట్టి, కొందరు క్రొత్త శనివారమును, కొందరు ఆదివారమని పిలువబడు దినమును పాటింపసాగిరి. దేవుడు మనుష్యులను పంచాంగములో చిక్కించుటకు ఈ దినమును ఏర్పరచెనని తలచుటకు నా మనస్సొప్పదు. విశ్రాంతి దినము మనుష్యుని కొరకేగాని మనుష్యుడు దాని కొరకు కాదని చెప్పినవాడు క్రీస్తే గదా.

కావున నా నిర్ణయమిది. శనివారమే పాటింపవలెనను నిర్బంధము క్రైస్తవునకు లేదు. ఆదివారమును పాటించుట పూర్వాచారము, అందమైన యాచారము. కాని అదియు మోక్షమునకు మెట్టు కాదు. శనివారమును పాటింపగోరువాడు పాటించుకొనవచ్చును. వానిని అడ్డగించు హక్కు మనకు లేదు, మనలను తీర్పు తీర్చు హక్కు వానికిని లేదు. ఏడింట ఒక దినము శ్రమజీవికి విశ్రాంతి నొసగుట మాత్రము ఐచ్ఛికము కాదు. దినము మారవచ్చునుగాని ధర్మము మారదు.

ఈ ధర్మము క్రైస్తవుల సొత్తు మాత్రము కాదు. "కనుమ నాడు కాకియైనను కదలదు" అని మన పెద్దలనిరి. ఆ దినమున ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు వేసి, కాడి మోపక మొక్కుట మన యాచారము. బొంబాయి మిల్లు కూలీల కొరకు నారాయణ మేఘాజీ లోఖండే యేండ్ల తరబడి పాటుపడగా 1890లో వారికి ఆదివారపు సెలవు లభించెను. అంగళ్ళలో పనిచేయువారికి 1942 నాటి చట్టమును, కార్మాగారములవారికి 1948 నాటి చట్టమును వారమునకొక సెలవు నొసగినవి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమును వారమునకు ఆరు దినములకు మించి పని యుండరాదనెను. కాని సొంత రైతు పొలములో దినకూలికి పోవు స్త్రీకి ఏ చట్టమును సెలవు చూపలేదు. ఆమెకు సెలవు నీయవలసినవారు ఈ మాటలు వినుచున్న మీరును, నేనును.

"నాట్ల వేళ లాకులెత్తి నీరు వదలినప్పుడు, వంతు ఆదివారము వచ్చినచో నేమి చేయవలె?" నని మీరడుగవచ్చును. గోతిలో పడిన యెద్దును విశ్రాంతి దినమని విడిచిపెట్టుదురా యని క్రీస్తే యడిగెను. తుపాను వచ్చుచుండగా కుప్ప తడియనిచ్చుమని నేను చెప్పను. అవసరము అవసరమే. కాని ఆ దినము పని చేయించుకొన్నవాడు మరియొక దినము కూలియిచ్చి విశ్రమింపజేయవలెను. ఎద్దు గోతిలో పడినప్పుడు తీయుట ధర్మము. ప్రతి వారమును ఎద్దు గోతిలోనే యున్నదని చెప్పుట కపటము.

ఇప్పుడు నా తప్పు చెప్పవలసియున్నది. ఆ బాలిక తండ్రిని "నేడు ఆదివారము" అని పంపివేసితిని గదా. ఆనాటి మధ్యాహ్నమే ఆకాశమున మబ్బు పట్టినది. నాకున్న రెండెకరముల మాగాణి పంట అప్పటికి పనలపై నున్నది. నేను పరుగెత్తి ఎనమండుగురు కూలీలను పిలిపించి, చీకటి పడువరకు కుప్ప వేయించితిని. కూలి రెట్టింపు ఇచ్చితిని. అందుచేత తప్పు లేదనుకొంటిని. నా వడ్లు ఎద్దు వలె గోతిలో పడినప్పుడు నా యాదివారము సడలినది. ఒక బాలిక యేడాది శ్రమ గోతిలో పడినప్పుడు సడలలేదు. నా నియమమును నేను దేవుని కొరకు పాటింపలేదు. పేదవాని ముఖము మీద తలుపు వేయుటకు గడియగా వాడుకొంటిని. ఆమెకు నేను వ్రాసిన సున్న నిజముగా నాకు రావలసినది.

ఆ కుటుంబము మరుసటి యేడు ఊరు విడిచిపోయినది. క్షమింపుమని యడుగుటకు నాకు ఆ తండ్రి మరల కనబడలేదు. అటుపిమ్మట నా యుద్యోగ కాలమంతయు, శనివారమును పాటించు పిల్లలకు బడిపరీక్షలు శుక్రవారము పగలు గాని సోమవారము గాని పెట్టుచు వచ్చితిని. అందుకై పట్టిన శ్రమ మరియొక ప్రశ్నపత్రము వ్రాయుటకు పట్టు అరగంట మాత్రమే.

గ్రామములలోని పెద్దలకు నా మనవి యిది. మీ యూర శనివారము పనికి రానివాడున్నచో, వానిని సోమరి యనక, తక్కిన దినములలో పని చూపుడు. ఆదివారము ప్రార్థనకు పోవు కూలివానిని ఆ వేళ పిలువకుడు. క్రైస్తవులైన రైతులారా, మందిరమున మీరు కూర్చున్న గంటలో మీ పొలమున ఎవరు వంగియున్నారో ఒక్కసారి తలచుకొనుడు. ఏ దినము పరిశుద్ధమని తర్కించుటకు పండితులున్నారు. మన చేతిక్రింద పనిచేయువాడు ఏ దినమున నడుము నిటారుగా నిలిపి తన బిడ్డల ముఖము చూచుచున్నాడని విచారింపవలసినవారము మనము.

మా గురువుగారు అనధ్యయన దినమున శిష్యులను పంపివేయుచు, "పొండు, పుస్తకమునకును విశ్రాంతి కావలెను" అనెడివారు. మీకును, మీ పాలేరులకును, మీ పశువులకును అట్టి విశ్రాంతి కలుగుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.